మిషన్ మావయ్యకు ఒక పుస్తకం

విమానాశ్రయం దాటి పది నిమిషాలు కాలేదు, అన్నయ్య కారు డాష్‌బోర్డు మీద పసుపుపచ్చ దీపం వెలిగింది. అన్నయ్య చూడనట్టే రేడియో పెంచాడు. వెనక సీట్లోంచి వదిన, "వెలిగిందా? మరిది వచ్చాడుగా, హారతి ఇస్తోంది" అంది. అది జర్మన్ కారు. ఏ కంపెనీదో రాయను, రాస్తే అన్నయ్య నొచ్చుకుంటాడు. నల్లగా నిగనిగలాడుతుంది. తలుపు వేస్తే అమ్మమ్మగారింటి ఇనప్పెట్టె మూసినట్టు నిండుగా ఒక చప్పుడు. ఆ చప్పుడు విని మనసు పారేసుకుని కొన్నానని అన్నయ్యే ఒప్పుకుంటాడు.

కెనడాలో, టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లో వాళ్ళ ఇల్లు. వాళ్ళ వీధిలో నాలుగు తెలుగు ఇళ్ళు ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం గోంగూర మాంసం అయ్యాక మగవాళ్ళ మాటలు కార్ల మీదికి మళ్ళాయి. ఎదురింటి భీమవరం ఆయనది పదిహేనేళ్ళ జపాన్ కారు. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పుకి దాని అంచులు అప్పడాల్లా పెళుసెక్కిపోయాయి గానీ తాళం తిప్పగానే పలుకుతుంది. ఆయన పెరుగన్నం కలుపుకుంటూ, "మీది పట్టుపంచండీ, నాది లుంగీ. ఒప్పుకుంటాను. కానీ వారంలో ఎన్నిరోజులు కడతారు మీ పట్టుపంచ?" అన్నాడు. అన్నయ్య దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. కానీ నాకు కొంచెం రోషం వచ్చింది. ఎందుకంటే జర్మనీ అంటే మా ఇంట్లో దేశం కాదు, మిషను.

విజయవాడ గవర్నర్‌పేటలో మా పెదనాన్నకి ప్రెస్సు ఉండేది. రెండు ట్రెడిళ్ళు, ఒక సిలిండర్ మిషను, తర్వాత ఎనభైల్లో సెకండ్‌హ్యాండులో కొన్న జర్మన్ మిషను హైడెల్‌బర్గ్. నల్లటి ఒళ్ళు, రెండు ఉక్కు చేతులు. గాలిమర రెక్కల్లా అవి తిరుగుతుంటే ఒకటి తెల్లకాగితం అందుకునేది, రెండోది అచ్చయిన కాగితం దించేది. ఉస్సుమని గాలి పీల్చడం, టక్కుమని నొక్కడం. పెళ్ళిళ్ళ కాలంలో ఆ ఉస్సు-టక్కు రాత్రి రెండింటి దాకా వినపడేది. దాన్ని నడిపే ఆయన్ని మేం పిల్లలం మిషన్ మావయ్య అనేవాళ్ళం. పొద్దున్నే ఏడింటికి నూనెడబ్బా పట్టుకుని, గుళ్ళో పూజారి అభిషేకం చేసినంత శ్రద్ధగా, ఒక్కో రంధ్రానికీ రెండేసి చుక్కలు వేసేవాడు. పనయ్యాక పాతచీరతో కుట్టించిన ముసుగు కప్పేవాడు. ఇంకొకరు ముట్టుకుంటే ఊరుకునేవాడు కాదు. దసరా ఆయుధపూజ నాడు మొదటి బొట్టు దానికే, సిలిండర్ మిషను వయసులో పెద్దదైనా సరే.

అందుకని టొరంటోలో నేను చూడాలనుకున్న మొదటి చోటు సీఎన్ టవర్ కాదు. విశ్వవిద్యాలయం పక్కన బీపీ నికల్ లేన్ అని ఒక ఇరుకు సందు ఉంది. అది ఒక కవి పేరు. ఆయన కవిత ఆ సందు కాంక్రీటులోనే చెక్కి ఉంది, నడిచేవాళ్ళ కాళ్ళ కింద. మనమైతే కవిత్వం మీద చెప్పుకాలు పడనివ్వం. అక్కడ ఎవరూ అలా అనుకున్నట్టు లేదు, సైకిల్ వేసుకుని ఒకమ్మాయి అక్షరాల మీదుగానే వెళ్ళిపోయింది. ఆ సందులోనే, ఒకప్పుడు గుర్రబ్బళ్ళు పెట్టుకున్న ఇటుక కొట్టాల్లో, కోచ్ హౌస్ ఉంది. 1965లో స్టాన్ బెవింగ్టన్ మొదలుపెట్టిన ప్రెస్సు. శ్రీలంకలో పుట్టి కెనడా రచయితగా ప్రపంచానికి తెలిసిన మైకేల్ ఒండాట్జీ మొదటి కవితల పుస్తకం 1967లో వచ్చింది ఇక్కడినుంచే.

లోపలికి అడుగుపెట్టగానే ఆ వాసన. సిరా, కిరసనాయిలు, తడి కాగితం, పాత చెక్క. విజయవాడ నుంచి అంత దూరం వచ్చాక మా పెదనాన్న చొక్కా వాసన తగులుతుందని ఎవరనుకుంటారు. ఒక మూల తిరుగుతున్నది 1973 నాటి హైడెల్‌బర్గ్ కార్డ్, ఆఫ్‌సెట్ మిషను. నేను వెళ్ళింది 2023 సెప్టెంబరులో కాబట్టి దానికి సరిగ్గా యాభయ్యేళ్ళు. దారికి అడ్డంగా నిలబడ్డది నేను, "సారీ" అన్నది అక్కడ పనిచేసే అమ్మాయి. ఈ దేశంలో తప్పు ఎవరిదైనా సారీ ఇద్దరూ చెప్పుకుంటారు. మా ఇంట్లో హైడెల్‌బర్గ్ ఉండేదని చెప్పగానే ఆ అమ్మాయి ముఖం విప్పారింది. మేమిద్దరం చుట్టాలమైపోయాం. నా చెయ్యి తీసి మిషను పక్క ఇనుము మీద పెట్టించింది. పెద్ద చప్పుడు లేదు, అరచేతి కింద ఒక సన్నని గుర్రు, నిద్రపోతున్న పిల్లికి ఉన్నట్టు.

వాళ్ళ పుస్తకాల చివరిపేజీ చూశాను. ఏ కాగితం, ఎక్కడి మిల్లుది, అచ్చువేసిన మిషను ఏ కంపెనీది, ఏ ఏటిది, మడత పెట్టింది దేని మీద, అంచులు కోసింది దేనితో, అన్నీ శుభలేఖలో బంధుమిత్రుల పేర్లలా వరసగా వేస్తారు. అచ్చు మిషను జర్మనీది, మడత మిషను అమెరికాది, బైండింగ్ మిషను ఇంగ్లండుది, కటింగ్ మిషను మళ్ళీ జర్మనీ పోలార్. మన పుస్తకాల్లో "ముద్రణ: ఫలానా ప్రింటర్స్, విజయవాడ" అన్న ఒక్క ముక్కతో సరి. మిషన్ మావయ్య నలభయ్యేళ్ళు అచ్చువేశాడు. ఎన్ని వేల పుస్తకాలో. ఒక్కదాంట్లోనూ ఆయన మిషను పేరు లేదు, ఆయన పేరు సంగతి అడక్కండి. ఒక పుస్తకం కొని సంచిలో వేసుకున్నాను.

పసుపుపచ్చ దీపంతోనే మరునాడు కిచెనర్ వెళ్ళాం, గంటన్నర దారి. అప్పుడు ఆ ఊరి నిండా మన పిల్లలే. కాలేజీ బస్సు స్టాపులో నాకు వినపడిన మొదటి మాట "ఒరేయ్, ఫోన్‌లో ఛార్జింగ్ ఉందా?" ఈ ఊరి పాత పేరు బెర్లిన్. జర్మన్ వలసదారులు కట్టుకున్న ఊరు. ఫర్నిచరు, బొత్తాలు, తోళ్ళు, చొక్కాలు తయారుచేసే ఫ్యాక్టరీలతో కళకళలాడేది. మొదటి ప్రపంచయుద్ధం రాగానే ఆ పేరే శాపమైంది. 1914లో పార్కులో ఉన్న కైజర్ విల్హెల్మ్ విగ్రహాన్ని పెకలించి చెరువులో పారేశారు. 1916లో ఓట్లు పెట్టి, స్వల్ప తేడాతో పేరు మార్చేశారు. అప్పుడే సముద్రంలో మునిగి చనిపోయిన బ్రిటిష్ సేనాని కిచెనర్ పేరు పెట్టుకున్నారు. అంతకుముందెప్పుడో ఏడేళ్ళపాటు మన దేశంలో సైన్యాధిపతిగా ఉన్నాడే, వైస్రాయి కర్జన్‌తో గొడవపడ్డవాడు, ఆయనే. ఫ్యాక్టరీలూ అవే, పనివాళ్ళూ వాళ్ళే, బొత్తాలూ అవే. సరుకు మీద ఊరిపేరు మాత్రం మారింది. మా విజయవాడ ఇందుకు తిరగేసి, ఏలూరు రోడ్డుకి కార్ల్ మార్క్స్ పేరు పెట్టుకుంది. ఆ జర్మన్ దిగుమతి నాణ్యత మీద మా ఊళ్ళో ఇప్పటికీ వాదనలు నడుస్తుంటాయి.

పేరు అన్నాక ఒక సంగతి చెప్పాలి. "మేడ్ ఇన్ జర్మనీ" అన్న ముద్ర జర్మన్లు గొప్పకి వేసుకున్నది కాదు. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనకి వెళ్ళిన రోలో అనే జర్మన్ ఇంజనీరే తమ దేశపు సరుకు చవక, నాసి అని ఇంటికి రాసి పంపాడు. ఇంగ్లండులోని షెఫీల్డు ఊరి పేరు కొట్టి జర్మన్లు కత్తులూ కత్తెరలూ అమ్ముతున్నారని మండిపడి 1887లో బ్రిటన్ చట్టం చేసింది, పరాయి సరుకు మీద ఏ దేశానిదో ఉండాలని. జనం చూసి దూరం జరగాలని వేయించిన ముద్ర అది. ఇరవై ముప్ఫై ఏళ్ళలో దాన్ని చూసే కొనడం మొదలైంది. ఊళ్ళో వెక్కిరింతగా పెట్టిన పేరునే ఇంటిపేరుగా మార్చుకుని తలెత్తుకు తిరిగిన కుటుంబాలు మనకీ తెలుసు.

కిచెనర్ పక్కనే సెయింట్ జేకబ్స్ సంత. పెన్సిల్వేనియా నుంచి రెండు వందల ఏళ్ళ క్రితం వచ్చిన మెనొనైట్లనే క్రైస్తవ శాఖ వాళ్ళు ఇంట్లో ఇంకా ఒక రకం జర్మనే మాట్లాడుకుంటారు. పాతపద్ధతి వాళ్ళు కార్లు వాడరు. మూడు కోట్లు పలికే జర్మన్ కార్లున్న ఈ లోకంలో అసలు సిసలు జర్మన్ మాట మాట్లాడే రైతు గుర్రబ్బండి కట్టుకుని వస్తాడు. నల్లబోనెట్టు పెట్టుకున్న పెద్దావిడ దగ్గర మేపుల్ సిరప్ కొన్నాం. చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చింది, ఒక నవ్వు లేదు, ఒక విసుగూ లేదు. సంత మధ్యలో వేడివేడి యాపిల్ చక్రాలు వేయిస్తున్నారు, పైన దాల్చినచెక్క పంచదార. మన మిరపకాయ బజ్జీ బండి ముందు ఉన్నంత గుంపు. తేడా ఒకటే, ఇక్కడ గుంపు కూడా వరసలో ఉంది.

తిరుగు దారిలో అన్నయ్య తనంతట తనే ఫోక్స్‌వాగన్ గొడవ ఎత్తాడు. పొగ పరీక్షగదిలో ఉన్నానని కనిపెట్టి, అప్పుడు మాత్రం ఒద్దికగా ఉండి, రోడ్డెక్కగానే విషవాయువు వదిలేలా డీజిల్ కార్లలో ప్రోగ్రాం రాశారు. అది బయటపడింది 2015లో. పట్టిచ్చిన పరీక్షలు 2013లో వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్ళు చేశారు. ఆ జట్టులో అరవింద్ తిరువెంగడం, హేమంత్ కప్పన్న అని ఇద్దరు మనవాళ్ళే, చెన్నై కుర్రాడు, బెంగళూరు కుర్రాడు. డిక్కీలో పరికరాలు పెట్టుకుని కాలిఫోర్నియా రోడ్ల మీద తిరిగారు. మూడు కార్లు పరీక్షిస్తే ఫోక్స్‌వాగన్ జెట్టా, పసాట్ రెండూ హద్దు మీరాయి, మూడోది బీఎండబ్ల్యూ, అది చాలావరకు హద్దులోనే ఉంది. దొంగా జర్మనే, దొర కూడా జర్మనే. 2020 జనవరిలో టొరంటో కోర్టులో కంపెనీ 60 అభియోగాలు ఒప్పుకుని 19 కోట్ల 65 లక్షల కెనడా డాలర్ల జరిమానా కట్టింది. పర్యావరణ నేరానికి ఈ దేశంలో అంత జరిమానా అంతకుముందు పడలేదు. ఆ కార్ల ఇంజన్లలో ఇనుము నాసిరకం కాదు, బిగింపులో లోపం లేదు. అబద్ధం కూడా ఎంతో నాణ్యంగా తయారుచేశారు, అదీ నన్ను కలవరపెట్టేది.

"మనకి ఫోక్స్‌వాగన్ కొత్తా ఏంటి" అన్నాడు అన్నయ్య. నిజమే. 2005లో విశాఖపట్నానికి ఆ ఫ్యాక్టరీ వస్తోందని మురిసిపోయిన రోజులు, వశిష్ఠ వాహన్ అనే కంపెనీ పేరు, దానికి ప్రభుత్వం కట్టిన 11 కోట్లకు పైగా సొమ్ము, తీరా చూస్తే ఫ్యాక్టరీ పుణె దగ్గర చాకన్‌కి పోవడం. కారు రాకముందే మోసం వచ్చింది మనకి.

బ్రాంప్టన్ నుంచి పడమటికి, ఎడ్మంటన్‌కి. మైదానం, మైదానం, మళ్ళీ మైదానం. కోతలైన పొలాల్లో గుండ్రటి గడ్డిమోపులు. ఆ ఏడు అడవులు తగలబడుతూనే ఉన్నాయి, సాయంత్రం సూర్యుడు పొగలో కుంకుమబొట్టులా ఉన్నాడు. ఊళ్ళో తిరగడానికి ఎక్కిన రైలు చూసి నాకు నవ్వొచ్చింది, దాని ముఖం అంత పాతగా, అంత నమ్మకంగా ఉంది. సీమెన్స్-డ్యూవాగ్ యూ2. 1960ల్లో ఫ్రాంక్‌ఫర్ట్ కోసం గీసిన బండి. 1978 ఏప్రిల్‌లో, కామన్వెల్త్ క్రీడలకి మూడున్నర నెలల ముందు, ఎడ్మంటన్ దాన్ని తెచ్చి పట్టాలెక్కించింది. పది లక్షల జనం కూడా లేని ఊరు అలాంటి రైలు వేసుకోవడం ఉత్తర అమెరికాలో అదే మొదలు. 1981లో కాల్గరీ అదే బండి తెచ్చుకుంది. రైన్ నది ఒడ్డున చిరుచలికి తయారైన బండ్లు మైనస్ ముప్ఫైలో, మంచులో, నలభయ్యేళ్ళకు పైగా తిరుగుతున్నాయి. కిటికీ కిందికి లాగితే గాలి వస్తుంది, ఏసీ లేదు. పక్కన కూర్చున్న ముసలాయన నా కుతూహలం చూసి, "మంచి గుర్రాలు. వీటికి మేత వేసేవాళ్ళు కూడా మంచివాళ్ళే" అన్నాడు.

నాకు మన ఎల్‌హెచ్‌బి పెట్టెలు గుర్తొచ్చాయి. రైల్లో ఆ మూడక్షరాలు చెప్పని తెలుగువాడు లేడు, అవి లింకె-హోఫ్‌మన్-బుష్ అనే జర్మన్ కంపెనీ పేరని తెలిసినవాళ్ళు తక్కువ. 2000 నుంచి మన పట్టాల మీద ఉన్నాయి. ఇప్పుడు తయారయ్యేది కపుర్తలాలో, పెరంబూరులో, రాయ్‌బరేలీలో. కాల్గరీ కొత్త సీమెన్స్ రైళ్ళూ అంతే, కాలిఫోర్నియాలో తయారైనవి.

వెస్ట్ ఎడ్మంటన్ మాల్‌కి వెళ్ళింది వదిన ఇచ్చిన చీటీలోని సామాను కోసం. లోపల, కప్పు కిందే, ఒక జాతరంత సరదా ఉంది. అక్కడ మైండ్‌బెండర్ అనే రోలర్ కోస్టర్ ఉండేది, ప్రపంచంలో ఆ రంగంలో పెద్ద పేరున్న జర్మన్ మేస్త్రి ఆంటన్ ష్వార్ట్స్‌కోఫ్ కట్టింది. మూడు గిరికీలు. 1986 జూన్ 14న చివరి పెట్టె చక్రాల కూర్పు బోల్టులు వదులై ఊడిపోయింది. పెట్టె పట్టా తప్పి కాంక్రీటు స్తంభాన్ని కొట్టుకుంది. ముగ్గురు చనిపోయారు. విచారణలో పెట్టెల తయారీలో లోపాలు తేలాయి, నిర్వహణలో లోపాలూ తేలాయి. అప్పటికి ఆ మేస్త్రి కంపెనీ దివాళా చిక్కుల్లో ఉంది. కాగితాలు ఆలస్యమయ్యాయి, వచ్చినవి జర్మన్‌లో ఉన్నాయి, ఇంగ్లీషులోకి సరిగ్గా మారనే లేదు.

జర్మన్‌లో ఉన్న కాగితం అనగానే నాకు మా ప్రెస్సు గోడ కళ్ళముందు కదిలింది. హైడెల్‌బర్గ్‌తో వచ్చిన నూనె పటం, ఎక్కడెక్కడ ఎన్ని చుక్కలో బాణంగుర్తులతో. దాని మీద జర్మన్ మాటల పక్కన మిషన్ మావయ్య పెన్సిలుతో తెలుగులో రాసుకున్నాడు: ఇక్కడ రోజూ, ఇక్కడ శనివారం, ఇక్కడ అమావాస్యకి. ఎవరు చదివి పెట్టారో తెలియదు. ఆయన అయిదో తరగతి దాటలేదు. బోల్టుకి భాష రాదు, దాన్ని బిగించేవాడికి రావాలి. ఆ పెన్సిలు రాత మాల్‌లో లేకపోయిందని నాకు అనిపించింది. మరమ్మతు చేసి 1987లో మళ్ళీ తెరిచిన ఆ కోస్టర్‌ని 2023 జనవరిలో శాశ్వతంగా మూసేశారు. నేను వెళ్ళేసరికి పిల్లలు వేరే ఆటల దగ్గర కేరింతలు కొడుతున్నారు.

ఫోర్ట్ మెక్‌మరీ ఇంకా ఉత్తరానికి, 430 కిలోమీటర్లకు పైనే. 63వ నంబరు రోడ్డు, ఇరువైపులా పసుపెక్కిన ఆస్పెన్ చెట్లు, మధ్యమధ్య 2016 కార్చిచ్చు మిగిల్చిన నల్లటి మోళ్ళు. ఊరు దగ్గరపడేసరికి కొత్తగా తారువేసిన రోడ్డు వాసన. ఇక్కడ నేలలోనే తారు ఉంది, ఇసుకతో కలిసి. ఆతిథ్యమిచ్చిన తెలుగాయన తమిళనాడులోని నైవేలిలో పుట్టి పెరిగాడు. ఇంట్లో సాంబారు అరవ రుచి, ఆవకాయ మన రుచి. ఆయన వృత్తి భారీ యంత్రాల మరమ్మతు. రెండో ముద్దకే అసలు విషయంలోకి వచ్చాడు.

"మా నాన్న నైవేలి గనిలో చేశారండీ. జర్మన్ల బకెట్‌వీల్ ఎక్స్‌కవేటర్లు. వాళ్ళ దేశంలో లిగ్నైటు మీద మట్టి మెత్తన, చక్రం వెన్న తీసినట్టు తీస్తుంది. మన దగ్గర పైనున్నది కడలూరు ఇసుకరాయి. గట్టి, పైగా గరుకు. చక్రం పళ్ళు అరిగిపోయేవి. చివరికి ముందు మందుపెట్టి పేల్చి, రాయి పగిలాక చక్రం తిప్పడం నేర్చుకున్నారు. పళ్ళు మార్చారు, బకెట్లు మార్చారు. ఇప్పటికీ నడుస్తున్నాయి."

మరునాడు ఆయనే ఊళ్ళోని మ్యూజియం ఆవరణలో ఉన్న పెద్ద చక్రం చూపించాడు, సైరస్ అంటారు దాన్ని. చుట్టూ బకెట్లు తొడిగిన చక్రం, తేరు కన్నా ఎత్తు. ఇది కట్టింది మాత్రం అమెరికా కంపెనీ బ్యుసైరస్. పద్ధతి జర్మన్ బొగ్గు గనుల్లో ఎదిగింది. ఇప్పుడు సన్‌కోర్ అని పిలిచే కంపెనీ 1967లో ఇక్కడ గని తెరిచినప్పుడు ఇలాంటి చక్రాలతోనే తవ్వింది. కానీ చలికాలంలో ఈ తారు ఇసుక కాంక్రీటులా బిగుసుకుపోతుంది. ఇసుక రేణువులు ఆకురాయిలా ఉక్కుని తింటాయి. చక్రం ఆగితే దాని వెనక కన్వేయరు బెల్టు ఆగుతుంది, బెల్టు ఆగితే అంతా ఆగుతుంది. 1993లో చక్రాలు మానేసి పారలకీ లారీలకీ మారారు. ఒక లారీ చెడితే పక్కన పెట్టి మిగతావాటితో పని నడుపుకోవచ్చు. ఉమ్మడికుటుంబంలో తాతకి జ్వరమొస్తే పొయ్యి వెలగకపోవడం లాంటిది మొదటి పద్ధతి అన్నాడాయన.

"అంటే జర్మన్ యంత్రం ఇక్కడ ఓడిపోయిందా?" అన్నాను.

ఆయన నవ్వి, 1997లో సింక్రూడ్ గనికి వచ్చిన ఆర్‌హెచ్ 400 కథ చెప్పాడు. డార్ట్‌మండ్‌లో ఓ అండ్ కె కంపెనీ తయారుచేసిన తవ్వుడు యంత్రం, దగ్గరదగ్గర వెయ్యి టన్నులు, హైడ్రాలిక్ రకంలో అప్పటికి ప్రపంచంలో అంత పెద్దది లేదు. ఈ నేలకోసమే పుట్టింది. మరుసటి ఏడే ఆ కంపెనీ గనుల విభాగాన్ని అమెరికా టెరెక్స్ కొంది. 2010లో అది బ్యుసైరస్ చేతికి, 2011లో బ్యుసైరసే కాటర్‌పిల్లర్ చేతికి. "అదే యంత్రమండీ, మూడుసార్లు ఇంటిపేరు మార్చుకుంది, మూడు పెళ్ళిళ్ళ సినిమాతారలాగ. లోపల ఇంజన్లు చూస్తే అమెరికా కమ్మిన్స్. మేం గ్రీజు పెట్టేటప్పుడు ఏ దేశానికి పెడుతున్నట్టు?" మైనస్ నలభైలో రాత్రిళ్ళు ఇంజను ఆపరట. ఆపితే నూనె బెల్లప్పాకంలా గడ్డకడుతుంది. ఆయన చేతుల్లో గీతల మధ్య నలుపు చూశాను, సబ్బుకి పోని నలుపు. మిషన్ మావయ్య గోళ్ళ చుట్టూ అదే.

బ్రాంప్టన్ తిరిగొచ్చేసరికి అన్నయ్య కారు మెకానిక్ దగ్గరుంది. ఒక సెన్సరు. కారు చెడలేదట, చెడలేదని చెప్పాల్సిన తీగ చెడిందట. బిల్లు ఎంతో వదిన నాకు చెప్పింది, అన్నయ్య చెప్పలేదు. భీమవరం ఆయనే నన్ను విమానాశ్రయంలో దింపాడు.

విజయవాడ చేరాక ఒక ఆదివారం సింగ్‌నగర్ వెళ్ళాను. మిషన్ మావయ్యకి ఎనభై దాటాయి, రెండు కళ్ళకీ శుక్లాలు తీయించుకున్నాడు. పెదనాన్న పోయాక ప్రెస్సు అమ్మేశారు. ఆ హైడెల్‌బర్గ్ ఆటోనగర్ వైపు ఎవరో కొనుక్కున్నారు. అచ్చు వేయట్లేదు, దాంతో మిఠాయి పెట్టెలకి అట్ట పంచింగ్ చేస్తున్నారు. "నెలకోసారి వెళ్ళి చూసొస్తా. నూనె సరిగ్గా వేయట్లేదు వెధవలు" అన్నాడు.

సంచిలోంచి పుస్తకం తీసి చేతిలో పెట్టాను. యాభయ్యేళ్ళ హైడెల్‌బర్గ్ మీద వేశారు మావయ్యా, ఇంకా నడుస్తోంది అన్నాను. ఆయనకి ఇంగ్లీషు రాదు. అట్ట చూడలేదు, పేరు అడగలేదు. మధ్యలో ఒక పేజీ తెరిచి బొటనవేలితో రుద్దాడు. కాగితం ఎత్తి కిటికీ వెలుతురుకి పట్టి, ఇటు వరసల వెనక అటు వరసలు సరిగ్గా కూర్చున్నాయో లేదో ఒక కన్ను మూసి చూశాడు. రెండు మూడు పేజీలు అలా చూసి, మూసి, ఒళ్ళో పెట్టుకున్నాడు.

"రోలర్లు ఈమధ్యే మార్చినట్టున్నార్రా" అన్నాడు.